డీజేఐ ఆర్‌ఎస్ 3 గింబల్: ముగ్గురితో ఘాట్ రోడ్డు మీద కారు యాడ్ తీశాక

మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జైపూర్. పెళ్లి వీడియోలు తీస్తాను. ఈ మధ్య ఇక్కడి కార్ల షోరూమ్ వాళ్లు కొత్త ఎస్‌యూవీకి సినిమా హాల్లో వేసే యాడ్ లాంటిది ఒక నిమిషం నిడివిలో కావాలన్నారు. పెద్ద కంపెనీల యాడ్‌లకైతే కెమెరాను క్రేన్ చేతికి బిగించిన ప్రత్యేక వాహనం ఉంటుంది, దాని వెనక పెద్ద యూనిట్ ఉంటుంది. మేం ముగ్గురమే. కెమెరాతో నేను, ముందు వెళ్లే వ్యాన్ నడపడానికి మా బావ, వెనక యాడ్ కారు నడపడానికి షోరూమ్ డ్రైవర్. ఆ క్రేన్ చేసే పని మాకు చేసిపెట్టింది డీజేఐ ఆర్‌ఎస్ 3 గింబల్, అంటే చెయ్యి కదిలినా కెమెరాను మోటార్లతో నిలకడగా ఉంచే పిడి. సొంత డబ్బుతో కొన్నదే. అద్దెకు తెద్దామంటే మంచి సామాను విశాఖ నుంచి రావాలి, రానూ పోనూ దారిలోనే రోజులు అయిపోతాయి.

ఇది 2022లో వచ్చిన మోడల్. మూడు కిలోల దాకా బరువు మోస్తుంది. నా సోనీ ఏ7 ఫోర్, ట్యామ్రాన్ 28-75 లెన్స్ కలిపినా కిలోంపావుకు మించవు కాబట్టి మోటార్లకు శ్రమే లేదు. గింబల్ బరువు కిలోకి కాస్త పైన. మొత్తం రెండున్నర కిలోల బరువును వ్యాన్ వెనక తలుపు దగ్గర కూర్చుని చేతులతో పట్టుకోవాలి. పొద్దున్నంతా పట్టుకుంటే భుజాలు లాగేస్తాయి, ఆ మాట ముందే చెప్పాలి.

గింబల్ అనగానే అందరూ వీడియో ఎంత స్మూత్‌గా వస్తుందని అడుగుతారు. ఈ ధరలో దొరికేవన్నీ ఇప్పుడు స్మూత్‌గానే తీస్తున్నాయి. నాకు దీనిలో అసలు విలువ కనిపించింది లాకుల దగ్గర. గింబల్ వాడనప్పుడు దాని మూడు కీళ్లూ కదలకుండా బిగించేవి ఇవి. పాత గింబల్స్‌లో ఈ మూడు లాకులూ చేత్తో తిప్పాలి. ఇందులో స్విచ్ నొక్కితే మూడూ వాటంతటవే విడిపోయి కెమెరా నిలబడుతుంది, మళ్లీ నొక్కితే ముడుచుకుని లాక్ అయిపోతుంది. రెండు మూడు సెకన్ల పని. చదవడానికి చిన్న విషయమే. కానీ సెమిలిగుడ దాటి దేవమాలి కొండ ఎక్కే రోడ్డు మీద పొద్దున్నే షూట్ చేసి చూడండి. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం అది, 1,672 మీటర్లు. చలికాలంలో మంచు కమ్మి ఉంటుంది. మంచు విడుతూ ఎండ పక్క నుంచి పడే ఆ కాసేపట్లోనే కారు బాడీ గీతలన్నీ అందంగా కనిపిస్తాయి. ఎండ నెత్తి మీదికొస్తే బానెట్ తెల్లగా మెరిసిపోతుంది, అంతే.

ఒక టేక్ అయ్యాక రెండు బళ్లూ వెనక్కి తిరిగి, కిందికి దిగి, మళ్లీ మొదటి మలుపు నుంచి రావాలి. ప్రతిసారీ నేను కెమెరాను ఒళ్లో భద్రం చేసుకోవాలి, మళ్లీ లేపాలి. పక్కన అసిస్టెంట్ లేడు. నా ఒక చెయ్యి ఎప్పుడూ వ్యాన్ సీటుకు కట్టిన తాడు మీదే ఉంటుంది. ఒంటి చేత్తో లాక్ చేసి తీయగలిగే గింబల్ కాబట్టే ఆ వెలుగు పోకముందే ఇన్ని టేకులు దొరికాయి. పెద్ద యూనిట్‌కి ఈ సౌకర్యం లెక్కలోకి రాకపోవచ్చు. ముగ్గురు చేసే పనికి మాత్రం ఇదే ప్రాణం.

రెండోది టచ్ స్క్రీన్. సెట్టింగులన్నీ గింబల్ మీదే మార్చుకోవచ్చు, ఫోన్ అక్కర్లేదు. మాకు ఫోన్లే వాకీటాకీలు. స్పీకర్ ఆన్ చేసి, "బావా, ఇదే స్పీడు. బ్రేక్ వద్దు, యాక్సిలరేటర్ వదిలెయ్ చాలు" అని చెబుతూ ఉండాలి. సాఫీ రోడ్డులో ఫాలో స్పీడు, అంటే నా చెయ్యి తిరిగిన వైపుకు కెమెరా తిరిగే వేగం, తగ్గించి పెడతాను, అప్పుడు ఫ్రేమ్ నెమ్మదిగా కదులుతుంది. హెయిర్‌పిన్ మలుపుల్లో అలాగే వదిలేస్తే వ్యాన్ తిరిగినంత వేగంగా కెమెరా తిరగదు, వెనక కారు ఫ్రేమ్‌లోంచి జారిపోతుంది. అక్కడ స్పీడు పెంచాలి. ఇదంతా స్క్రీన్ మీద వేలితోనే అయిపోయింది.

ఇక ఇలా మూడు యాక్సిస్‌ల (మూడు కీళ్ల) మీద తిరిగే ఏ గింబలూ చేయలేనిది ఒకటుంది. ఇది వంపును, తిరగడాన్ని ఆపుతుంది కానీ పైకీ కిందికీ ఎగిరే కుదుపును ఆపదు. ప్యాచ్‌లు వేసిన రోడ్డు మీద టక్‌మని ఒక దెబ్బ తగిలితే అది ఫుటేజీలో ఉంటుంది. కదలికను ఇంకా నిలకడ చేసే సూపర్‌స్మూత్ మోడ్ పెట్టినా ఆ దెబ్బ పోదు. మోచేతులు ఒంటికి ఆనించకుండా గాల్లో ఉంచి పట్టుకోవడం, వ్యాన్ టైర్లలో గాలి కొద్దిగా తగ్గించడం, 30, 40 కిలోమీటర్లు దాటకపోవడం, ఇవే మందులు. నెమ్మదిగా వెళ్తే కారు వేగం కనిపించదేమో అనుకోకండి. సెకనుకు 25 ఫ్రేములకు షట్టర్ 1/50 సెకను దగ్గర పెట్టి, కెమెరాను రోడ్డుకు దగ్గరగా దించితే చక్రాలు, తారు రెండూ గీతలుగా సాగి బండి దూసుకొస్తున్నట్టే ఉంటుంది. పగలు ఆ షట్టర్‌కి లెన్స్‌లోకి వెళ్లే వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తప్పనిసరి. దాని పైన అద్దాల మీది ప్రతిబింబాలను తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ కూడా వేస్తాను. అది లేకపోతే ముందు అద్దంలో ఆకాశం తప్ప డ్రైవర్ కనపడడు. ఫిల్టర్లు ఎక్కించగానే ముందు బరువు పెరిగి బ్యాలెన్స్ మారుతుంది. టిల్ట్ (కెమెరా పైకీ కిందికీ వంగే) వైపు చిన్న నాబ్ ఉంది, కెమెరా బిగించిన ప్లేట్ అంతా వదులు చేయకుండా దాన్ని తిప్పి వెంట్రుకవాసి సర్దుకోవచ్చు. ఈ నాబ్ పెట్టినవాళ్లకు దండం పెట్టాలి.

బ్యాటరీ పన్నెండు గంటలు వస్తుందని కంపెనీ లెక్క. మా షూట్‌లో దారి మధ్య చార్జింగ్ పెట్టే అవసరమే రాలేదు. డ్రోన్ షాట్లు మేం పెట్టుకోలేదు. సునాబెడలో ప్రభుత్వ విమాన సంస్థ హెచ్‌ఏఎల్ ఇంజిన్ల ఫ్యాక్టరీ ఉంది కాబట్టి ఈ చుట్టుపక్కల ఎగరేసేవాళ్లు ముందుగా డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో జోన్ చూసుకోవాలి. సుంకి ఘాట్ కూడా అందంగానే ఉంటుంది కానీ జాతీయ రహదారి, సాలూరు వైపు లారీలు ఆగవు. వ్యాన్ వెనక తలుపు తెరిచి కూర్చునే పని అక్కడ చేయొద్దు. ఏ రోడ్డైనా పోలీస్ స్టేషన్‌లో చెప్పి, నడుముకు బెల్టు, గింబల్‌కు విడిగా తాడు కట్టుకున్నాకే బండి కదలాలి.

షోరూమ్ వాళ్లు అదే యాడ్ ఫోన్లో చూడటానికి నిలువుగా కూడా కావాలంటారు, ఎవరైనా అంటారు. 2024లో వచ్చిన ఆర్‌ఎస్ 4లో అదనపు ప్లేట్ కొనకుండానే కెమెరాను నిలువుగా బిగించుకోవచ్చు. కొత్తగా కొనేవాళ్లు రెండిటి ధరలూ కనుక్కోండి. తేడా కొద్దిగానే ఉంటే ఆర్‌ఎస్ 4 తీసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌ఎస్ 3 దొరికితే మాత్రం, పదిసార్లు ఆన్ చేసి ఆఫ్ చేసి మూడు లాకులూ ప్రతిసారీ పడుతున్నాయో లేదో చూసుకుని డబ్బివ్వండి.