ఎంజీబీకి కొత్త రెగ్యులేటర్ బాక్స్ కొంటున్నారా? మూత విప్పే ముందు ఇది చదవండి

ఇంగ్లండ్‌లో ఉంటూ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు నడుపుతున్న మన తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. ముఖ్యంగా ఆల్టర్నేటర్ కాకుండా డైనమో (బ్యాటరీని ఛార్జ్ చేసే పాత రకం జనరేటర్) ఉన్న బండ్లవాళ్ల కోసం.

నాది 1965 ఎంజీబీ. ఛార్జింగ్ లైట్ అప్పుడప్పుడూ మినుకుమంటోందని, డైనమో వోల్టేజ్‌ని అదుపులో పెట్టే లూకాస్ కంపెనీ ఆర్‌బీ340 రెగ్యులేటర్ బదులు పెట్టుకునే కొత్త బాక్స్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఫ్యాక్టరీలోనే సెట్ చేశాం, ముట్టుకోనక్కర్లేదు అని ప్రకటనలో ఉంది. నమ్మేశాను. బిగించాక లైట్ మినుకు ఆగిపోయింది.

మూడు వారాలకి సీట్ల వెనక నుంచి కుళ్లిన కోడిగుడ్ల వాసన. ఈ బండికి ఆరు వోల్టుల బ్యాటరీలు రెండూ అక్కడే, నేల పలక కింద ఉంటాయి. తెరిచి చూస్తే రెండూ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. నీళ్లు ప్లేట్ల కిందికి దిగిపోయాయి, పొంగిన యాసిడ్ చుట్టూ ఉన్న పెయింట్‌ని తినేసింది. ఇంజన్ వేగం పెంచితే హెడ్‌లైట్లు బాగా తెల్లగా వెలగడం అంతకుముందే చూశాను, డైనమో పుంజుకుందనుకున్నాను. అది ఓవర్‌ఛార్జింగ్. మీ బండిలో కనిపిస్తే ఆ రోజే కొలవండి. ఉడికే బ్యాటరీ నుంచి అంటుకునే హైడ్రోజన్ కూడా వస్తుంది, దగ్గర్లో నిప్పురవ్వ పడకూడదు.

కోపంలో నేను వెంటనే బాక్స్ మూత విప్పాను. అదే నా తప్పు. మూత విప్పారు కాబట్టి వారంటీ లేదని అమ్మినవాళ్లు చేతులు దులిపేసుకున్నారు. బాక్స్ డబ్బులూ పోయాయి, రెండు బ్యాటరీల డబ్బులూ పోయాయి.

నిజానికి మూత విప్పకుండానే కొలవచ్చు. ముందు బ్యాటరీ కనెక్షన్ తీసేయండి. బాక్స్ మీద ‘బి’ టెర్మినల్ వైర్లు లాగి, వాటిని ఒకదానికొకటి కలిపి, బాడీకి తగలకుండా టేప్ చుట్టండి. కలపకపోతే ఇగ్నిషన్‌కి కరెంటు అందదు. బ్యాటరీ మళ్లీ కలిపి, వోల్ట్‌మీటర్‌ని ‘డి’ టెర్మినల్‌కీ బాడీకీ పెట్టండి. నా బండిలాగా పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొసని బాడీకి కలిపింది) అయితే మీటర్ ఎర్ర వైర్ బాడీకి. ముల్లు మీటర్ ఉంటే ఇంకా మంచిది, డిజిటల్ అంకెలు గెంతుతాయి. ఇంజన్ వేగం మెల్లగా పెంచి, డైనమో నిమిషానికి 3000 చుట్లకి వచ్చేసరికి చూడండి. బయట పది డిగ్రీలుంటే 14.9 నుంచి 15.5 వోల్టులు, ఇరవై డిగ్రీలుంటే 14.7 నుంచి 15.3 రావాలి. నాకు పది డిగ్రీల చలిలో 17.2 వచ్చింది! బాక్స్‌కి ఎర్త్ (బాడీతో కనెక్షన్) సరిగ్గా అందకపోయినా ఇలా పెరుగుతుంది కాబట్టి, ఎర్త్ గీకి శుభ్రం చేసి మళ్లీ చూశాను. అదే అంకె. ఇదంతా బాక్స్ వచ్చిన రోజే, వీడియో తీస్తూ చేసి ఉంటే వాళ్లు తప్పించుకోలేకపోయేవాళ్లు.

ఎంజీబీకి ముందు మోడల్ ఎంజీఏలో ఉండే ఆర్‌బీ106 లాంటి రెండు కాయిల్స్ (తీగ చుట్టలు) ఉన్న బాక్స్‌కి ఈ అంకెలు వర్తించవు, మీ మాన్యువల్ చూసుకోండి. ఇంకొకటి: పైకి పాత బాక్స్‌లా ఉండి లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉన్నవి కూడా అమ్ముతున్నారు. నెగటివ్ ఎర్త్‌కి చేసినదాన్ని పాజిటివ్ ఎర్త్ బండికి కలిపితే కాలిపోతుంది. కొనేముందు అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

పాత బాక్స్ మాత్రం పారేయకండి. నాది గ్యారేజీలో ఉండబట్టి బతికిపోయాను. రెగ్యులేటర్ పాయింట్లు (కలుస్తూ విడిపోతూ ఉండే కాంటాక్టులు) మసిబారి ఉన్నాయంతే. సన్నని కార్బోరండం రాయితో రుద్ది, స్పిరిట్‌తో తుడిచాను. కటౌట్ (డైనమో ఆగితే బ్యాటరీని దాన్నుంచి విడదీసే స్విచ్) పాయింట్లకి మాత్రం ఆ రాయి పనికిరాదు, సన్నని గ్లాస్ పేపరే వాడాలి. తర్వాత వోల్టేజ్ కాయిల్ దగ్గరి పళ్ల చక్రాన్ని కొంచెం కొంచెంగా తిప్పి సెట్ చేశాను. కుడివైపు తిప్పితే వోల్టేజ్ పెరుగుతుంది. కాయిల్ వేడెక్కితే అంకె మారిపోతుంది కాబట్టి త్వరగా ముగించాలి. 15.1 దగ్గర ఆపాను. నాలుగు నెలలైంది, లైట్ మినుకు లేదు, కొత్త బ్యాటరీల్లో నీళ్లు తగ్గలేదు.