వెలగని గేమ్‌బాయ్‌ని బాగుచేసుకుని ఏళ్ల తరబడి వాడాక: డీఎంజీ-01 సమీక్ష

నింటెండో సంస్థ 1989 ఏప్రిల్ 21న జపాన్‌లో విడుదల చేసిన, చేతిలో పట్టుకుని వీడియో ఆటలు ఆడే యంత్రమైన తొలి గేమ్‌బాయ్‌కి డీఎంజీ-01 అనేది నమూనా సంఖ్య. అమెరికాలో ఉద్యోగం చేసిన మా మేనమామ వాడి, తిరిగి వచ్చేటప్పుడు తెచ్చిన బూడిదరంగు యంత్రం నా చేతికి వచ్చేనాటికి స్విచ్ వేసినా దీపం వెలిగేది కాదు, తెర కదిలేది కాదు. దాన్ని బాగుచేసుకుని చాలా ఏళ్లుగా ఆడుతున్నాను కనుక, ఆట ఎలా ఉంటుందో చెప్పడం కన్నా, ఈ యంత్రం ఎందుకు ఆగిపోతుంది, తిరిగి నడిపించుకోవడం ఎంత కష్టం, నడిచాక ఎంతకాలం నిలుస్తుంది అన్నవే ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: వెలగని డీఎంజీలో చిప్ కాలిపోయి ఉండటం అరుదు, సెల్లు దగ్గర బయల్దేరిన కరెంటు బోర్డుదాకా చేరకపోవడమే ఎక్కువగా ఉండే జబ్బు.

దీనికి నాలుగు పెన్సిల్ సెల్లు కావాలి. కొత్త సెల్లు వేస్తే మొత్తం ఆరు వోల్టులు, కాస్త పైనే వస్తాయి. నా యంత్రంలో పాత సెల్లు అలాగే ఉండిపోయి, కారి, స్ప్రింగుల మీద తెల్లటి పొడి, రాగి కనిపించే చోట పచ్చటి చిలుము పేరుకున్నాయి. ఇంటర్నెట్‌లో దొరికే విదేశీ వీడియోలన్నీ ఇలాంటి చోట వెనిగర్ పూయమంటాయి. వాళ్లు ఎక్కువగా వాడేది ఆల్కలైన్ సెల్లు, వాటిలోంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం కాబట్టి ఆమ్లంతో విరిచేయడం అక్కడ సబబే. మన కిరాణా కొట్లలో చౌకగా దొరికే మామూలు జింక్-కార్బన్ సెల్లలోంచి కారేది ఆమ్ల స్వభావం గల ద్రవం, దానికి నీళ్లలో కలిపిన వంటసోడా కావాలి. కారిన సెల్ ఏ రకమో దాని మీది అక్షరాలు చదివి నిర్ధారించుకున్నాకే శుభ్రం చేయడం మంచిది. నాది రెండో రకం కావడంతో సోడా నీళ్లలో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిచి, తరవాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరోసారి తుడిచి, బాగా ఆరనిచ్చాను. స్ప్రింగు మీది పూత లేచిపోయి ఇనుము బయటపడితే మాత్రం రుద్ది లాభం లేదు, కొత్తది వేసుకోవాలి. ఈ నమూనాకు సరిపోయే స్ప్రింగులు, రేకులు సెట్టుగా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటిలో చివరి రెండింటిని బోర్డుకు సోల్డర్ చేయవలసి, అంటే కరిగించిన లోహంతో అతికించవలసి ఉంటుంది.

విప్పడం గురించి ఒక మాట. వెనక వైపు పైకి కనిపించే నాలుగు స్క్రూలు, సెల్లు పెట్టే గదిలో దాగిన రెండు స్క్రూలు మూడు రెక్కల గాడి ఉన్నవి, వీటికి మామూలు స్క్రూడ్రైవర్ పనికిరాదు. సెల్‌ఫోన్ రిపేరు సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర వీటికి తగిన డ్రైవర్ దొరుకుతుంది. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటివన్నీ ఒకేచోట చూడవచ్చు. ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపే పలచటి రిబ్బన్ కేబుల్ ఒకటి లోపల ఉంటుంది, రెండు ముక్కలనూ ఒక్కసారిగా లాగకుండా పుస్తకం తెరిచినట్టు తెరిచి, కేబుల్‌ను సాకెట్‌లోంచి నిటారుగా తీయాలి.

స్ప్రింగులు శుభ్రపడ్డాక కూడా నా గేమ్‌బాయ్ వెలగలేదు. వోల్టేజి కొలిచే మల్టీమీటర్ పెట్టి చూస్తే సెల్లు చివర ఆరు వోల్టులు సవ్యంగా ఉన్నాయి, స్విచ్ దాటాక మాత్రం దాదాపు ఏమీ లేవు. స్విచ్ ఆన్‌లో ఉన్నప్పుడు దాని రెండు కాళ్ల మధ్య వోల్టేజి సున్నాకు దగ్గరగా ఉండాలి, అక్కడే వోల్టేజి మిగిలిపోతోందంటే లోపలి రేకులకు పొర పట్టిందన్నమాట. ఈ జరుపుడు స్విచ్ కార్ట్రిడ్జ్‌ను, అంటే ఆట నింపి ఉన్న చిన్న పెట్టెను కూడా బంధిస్తుంది, ఆన్ చేయగానే దాని పెదవి కార్ట్రిడ్జ్ గంటులోకి చొరబడి, ఆట మధ్యలో ఎవరూ ఊడదీయకుండా ఆపుతుంది. ముచ్చటైన ఏర్పాటే గానీ, అందులోకి దుమ్ము చేరడమూ అంతే సులభం. సందులోంచి నాలుగు చుక్కల ఆల్కహాల్ వదిలి, సెల్లు తీసేసి, అటూ ఇటూ ఓపిగ్గా జరుపుతూ పోతే పొర ఊడింది. పూర్తిగా ఆరాక సెల్లు వేసి ఆన్ చేస్తే ఎర్ర దీపం వెలిగింది.

ఇదే లక్షణం ఎడమ పక్కన ఉండే అడాప్టర్ రంధ్రం వల్ల కూడా రావచ్చు. అడాప్టర్ పిన్ను పెట్టగానే సెల్లను తప్పించే చిన్న స్విచ్ ఆ రంధ్రంలోనే ఉంది, దాని రేకు చిలుము పట్టి తిరిగి అంటుకోకపోతే సెల్లు ఎంత కొత్తవైనా యంత్రం మొండికేస్తుంది. అడాప్టర్ వాడదలచినవాళ్లు గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది. దీనికి కావలసింది ఆరు వోల్టులు, పిన్ను మధ్య భాగం నెగెటివ్‌గా ఉండాలి, ఇంట్లో దొరికిన ఏదో ఒక అడాప్టర్ తగిలించడం ప్రమాదం.

దీపం వెలిగాక తెరే మిగిలిన కథ చెబుతుంది. పైనుంచి కిందికి నింటెండో పేరు దిగి, చిన్న గంట లాంటి శబ్దం వస్తే అంతా బాగున్నట్టే. పేరుకు బదులు నల్లటి పట్టీ దిగి ఆగిపోతే భయపడనక్కర్లేదు. యంత్రం ఆన్ కాగానే కార్ట్రిడ్జ్‌లోని చిహ్నాన్ని తనలో ఉన్న ప్రతితో పోల్చుకుంటుంది, కార్ట్రిడ్జ్‌ను చదవలేకపోతే ఆ పట్టీయే కనిపిస్తుంది. అంటే ప్రాసెసర్ బతికే ఉంది, కార్ట్రిడ్జ్ అంచున ఉన్న రేకులను ఆల్కహాల్‌తో తుడిస్తే చాలా వరకు సరిపోతుంది. నోటితో ఊదే అలవాటు మనందరికీ ఉంది గానీ, ఆ తేమే తరవాత చిలుముకు దారి తీస్తుంది. శబ్దం వస్తూ తెర ఖాళీగా ఉంటే ముందు తెర మీది నలుపు-తెలుపుల తేడాను సర్దే కాంట్రాస్ట్ చక్రం తిప్పి చూడాలి, ఆ తరవాతే విద్యుత్ బోర్డును అనుమానించాలి. లోపల విడిగా అమర్చిన ఆ చిన్న బోర్డు ఆరు వోల్టులను ఐదుగా మార్చి చిప్‌లకు, మైనస్ పంతొమ్మిది ప్రాంతంలో మరో వోల్టేజి తయారుచేసి తెరకు ఇస్తుంది. అది పాడైతే కెపాసిటర్లు మార్చవచ్చు, బోర్డునే మార్చవచ్చు, ఇప్పుడు కొత్తగా చేసినవీ అమ్ముతున్నారు. నాకు ఆ అవసరం రాలేదు.

ఇన్నేళ్ల వాడకంలో దీని మన్నిక మీద నాకు గౌరవం పెరిగింది. గల్ఫ్ యుద్ధంలో బాంబు దాడిలో పైపెంకు కాలి కరిగిపోయినా పనిచేసిన గేమ్‌బాయ్ ఒకటి న్యూయార్క్‌లోని నింటెండో దుకాణంలో చాలాకాలం ప్రదర్శనలో ఉండేది. నా యంత్రాన్ని పిల్లలు మంచం మీదినుంచి పడేసిన సందర్భాలు చూశాక అది నాకు వింతగా అనిపించలేదు. 160×144 చుక్కల తెర, నాలుగు ఛాయలు, 4.19 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌తో, పైనుంచి పడే ముక్కలను పేర్చే టెట్రిస్ ఆట ఈనాటికీ విసుగు పుట్టించదు. తెర వెనక వెలుగు లేకపోవడం మాత్రం నిజమైన లోపం. మధ్యాహ్నం వరండాలో కూర్చుంటే తెర చక్కగా కనిపిస్తుంది, ట్యూబ్‌లైట్ కింద కళ్లు చికిలించుకోవాలి, వేగంగా కదిలే బొమ్మలు వెనక మసక గీతలు వదులుతాయి. వెలుగునిచ్చే కొత్త తెరలు వేసుకునేవాళ్లను తప్పుపట్టను గానీ, అవి సెల్లను త్వరగా తాగేస్తాయి.

ఇప్పుడు చార్జింగ్ సెల్లు వాడుతున్నాను. ఒక్కొక్కటి 1.2 వోల్టులే కావడంతో దీపం కాస్త ముందుగానే మసకబారుతుంది, ఆటకు మాత్రం ఇబ్బంది లేదు. ఆడటం అయిపోయాక వాటిని తీసి విడిగా పెడతాను.

కొనదలచినవాళ్లకు ఒక సలహా. పనిచేయడం లేదని చౌకగా అమ్మేవాటిని చూసేటప్పుడు సెల్లు పెట్టే గది ఫొటో తప్పక అడగండి. స్ప్రింగుల వరకే మరక ఉంటే ధైర్యంగా తీసుకోవచ్చు, చిలుము బోర్డు మీది సన్నటి రాగి దారుల మీదికి పాకి ఉంటే ఆ పని చేతిలో సోల్డరింగ్ ఐరన్ కుదిరినవాళ్లకే వదిలేయాలి. తెరలో కొన్ని నిలువు గీతలు కనిపించకపోవడాన్ని పెద్ద లోపంగా లెక్కించకండి, తెర కింది అంచున అంటుకున్న రిబ్బన్ మీద ఐరన్‌ను మెల్లగా నడిపితే అవి తరచుగా తిరిగి వస్తాయి. నాదాంట్లో ఒక గీత అలా వచ్చింది, చివరి అంచున ఉన్న మరొకటి రాలేదు. టెట్రిస్ ఆడేటప్పుడు అది అడ్డు రాదు కాబట్టి దాని జోలికి మళ్లీ వెళ్లలేదు.