తేలిక .22 రైఫిల్: పాత బ్రనో మేలా, ఆర్డినెన్స్ ఫ్యాక్టరీది మేలా, సీజెడ్ 457 మేలా?

ఎన్‌సీసీ క్యాంపులో బొర్లా పడుకుని, 25 గజాల దూరంలోని టార్గెట్ మీద ఐదు రౌండ్లు కాల్చినవాళ్లకు పాయింట్ టూ టూ (.22 అంగుళాల సన్న తూటా రైఫిల్) కొత్త కాదు. ఆ సరదా మనసులో ఉండిపోయి, ఉద్యోగం, ఇల్లు కుదురుకున్నాక సొంత రైఫిల్ కోసం చూసేవాళ్లు విజయవాడలోనూ గుంటూరులోనూ ఉన్నారు. వాళ్లు ముందుగా అడిగేది "తేలికది ఏదండీ?" అని. అడగాల్సిన ప్రశ్నే. కానీ దానికి ముందు ఇంకోటి తేలాలి: మీ లైసెన్స్ మీద ఏది దొరుకుతుంది?

మన దేశంలో .22 రైఫిల్ కేటలాగ్ చూసి ఎంచుకునే వస్తువు కాదు. కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్, లేనిచోట కలెక్టర్ లైసెన్స్ ఇవ్వాలి. దరఖాస్తు ఫారం ఎ-1. 2019 ఆయుధ చట్ట సవరణ తర్వాత మామూలు లైసెన్స్‌దారు రెండు తుపాకులకు మించి ఉంచుకోకూడదు, లైసెన్స్ గడువు ఐదేళ్లు. విదేశీ రైఫిల్ దిగుమతి చేసుకునే వీలు పోటీల్లో అర్హత సాధించిన షూటర్లకే, అదీ జాతీయ రైఫిల్ సంఘం సిఫార్సుతోనే. సరదాగా కాల్చుకునే మనిషికి మిగిలేవి రెండు దారులు. ఒకటి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ కొత్త .22, రెండోది ఇంకో లైసెన్స్‌దారు దగ్గర కొనే పాత విదేశీ రైఫిల్. ఈ రెండో రకంలో మన వైపు ఎక్కువగా వినపడే పేరు చెక్ తయారీ బ్రనో మోడల్ 2. పోటీల్లోకి దిగి దిగుమతి అర్హత తెచ్చుకున్నవాళ్లకు మాత్రమే సీజెడ్ 457, టిక్కా టీ1ఎక్స్, ఆన్షుట్జ్ లాంటివి అందుతాయి.

లైసెన్స్ వచ్చేలోగా చేతులు ఊరుకోకపోతే .177 ఎయిర్ రైఫిల్ ఉంది. 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నదానికి లైసెన్స్ అక్కర్లేదు. పది మీటర్ల దగ్గర చూపు, ఊపిరి, ట్రిగ్గర్ నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. స్ప్రింగ్‌తో పనిచేసే ఎయిర్ రైఫిల్ మాత్రం గుండు గొట్టం దాటకముందే ముందుకీ వెనక్కీ కుదుపుతుంది. దాన్ని గట్టిగా బిగించి పట్టుకోకూడదు. ఆ పట్టుకి అలవాటుపడ్డవాళ్లు .22కి మారితే నాలుగు రోజులు తడబడతారు.

ఇక బరువు. బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకీ బోల్ట్‌ని చేత్తో లాగి తోసే) .22ల్లో 2.3 నుంచి 2.9 కిలోల దాకా ఉన్నవాటిని తేలిక అనుకోవచ్చు. మూడు కిలోలు దాటి లావు బ్యారెల్ ఉంటే బరువైన తరగతి. పురుషుల 50 మీటర్ల పోటీ రైఫిల్ 8 కిలోల దాకా ఉండవచ్చు, అది వేరే లోకం. .22కి వెనక్కి తన్నడం దాదాపు ఉండదు కాబట్టి తేలిక రైఫిల్ భుజానికి ఇబ్బంది కాదు. సన్న బ్యారెల్ వేడెక్కి గురి తప్పుతుందన్న భయం కూడా సరదా షూటింగ్‌లో పెద్దగా పట్టించుకోవాల్సింది కాదు, 40 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) తూటాలో మందు అంత తక్కువ. తేలికదనం చేటు చేసేది నిలబడి కాల్చేటప్పుడు. బరువు రైఫిల్ నిదానంగా ఊగుతుంది, తేలికది గబగబా అల్లాడుతుంది.

ఆ అల్లాటకి ట్రిగ్గర్ ఆజ్యం పోస్తుంది. రైఫిల్ బరువు రెండున్నర కిలోలుండి ట్రిగ్గర్ నొక్కడానికి రెండు కిలోల బలం కావాల్సి వస్తే, వేలు ట్రిగ్గర్‌ని కాదు, రైఫిల్‌నే లాగుతుంది. తూటా కుడివైపో కిందికో పోతుంది. మనిషి మాత్రం సైట్ తప్పు అనుకుని స్క్రూలు తిప్పుతూ ఉంటాడు. కొనేముందు ఇది కొలవండి. బోల్ట్ తీసి ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకుని, బోల్ట్ తిరిగి వేసి కాక్ చేయండి. రైఫిల్‌ని గొట్టం మూతి పైకి ఉండేలా నిలబెట్టి, లగేజీ తూచే డిజిటల్ హుక్ కాటా ట్రిగ్గర్‌కి తగిలించి మెల్లగా లాగండి. ఐదుసార్లు కొలవాలి. కిలో నుంచి కిలోమూడొందల మధ్య, ప్రతిసారీ దాదాపు ఒకే అంకె వస్తే మంచి ట్రిగ్గర్. ఒకసారి 1.2, ఇంకోసారి 1.9 చూపిస్తే లోపల అరిగిన అంచు ఉందని అర్థం. ఆ ట్రిగ్గర్‌ని స్ప్రింగ్ కత్తిరించి తేలిక చేయిద్దామని ఎవరన్నా సలహా ఇస్తే వినొద్దు. అలాంటి రైఫిల్ బట్ నేలకి తగిలినా పేలొచ్చు.

బరువు లెక్కలో స్కోప్‌నీ కలపాలి. 2.7 కిలోల రైఫిల్ మీద 450 గ్రాముల స్కోప్, దాన్ని బిగించే మౌంట్లు, భుజాన తగిలించుకునే స్లింగ్, నిండిన మ్యాగజైన్ చేరితే మూడు కిలోల మూడొందలు దాటుతుంది. ఇంట్లో పన్నెండు పద్నాలుగేళ్ల పిల్లలకి కూడా నేర్పించాలన్న ఆలోచన ఉంటే స్కోప్ లేకుండా ఇనుప సైట్లతో మొదలుపెట్టడం మేలు. బట్ నుంచి ట్రిగ్గర్ దాకా పొడవు కూడా చూడాలి. బట్‌ని మోచేతి మడతలో ఆనించి చెయ్యి చాపితే చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి రావాలి. మధ్యరకం ఎత్తున్నవాళ్లకు పదమూడు, పదమూడున్నర అంగుళాలు సరిపోతుంది. విదేశీ రైఫిళ్లు చాలావరకు అంతకన్నా కొంచెం పొడుగు. దానికోసం చెక్క కోయించేముందు బట్ ప్లేట్ పలచనిది వేసి చూడండి.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెడదాం.

పాత బ్రనో మోడల్ 2 దాదాపు 2.7 కిలోలు, వాల్‌నట్ చెక్క, ఐదు తూటాల మ్యాగజైన్. బాగున్న గొట్టం దొరికితే 50 మీటర్ల దగ్గర ఐదు తూటాలని రూపాయి నాణెం చుట్టుపక్కల పెట్టగల సత్తా ఉంది. చిక్కంతా ఆ "బాగున్న" అన్న మాట దగ్గరే. బోల్ట్ తీసి వెనక తెల్ల కాగితం పెట్టి మూతివైపు నుంచి లోపలికి చూడండి. గాడులు అద్దంలా మెరవాలి. స్ఫోటకం మచ్చల్లాంటి గుంటలుంటే తుప్పు తిన్నట్టే. మూతి దగ్గర రెండు మూడు అంగుళాల్లో గుంటలుంటే ధర ఎంత తగ్గించినా వదిలేయండి. తర్వాత చెవిలో పెట్టుకునే దూది పుల్ల తీసుకుని గొట్టం మూతి అంచు చుట్టూ లోపలినుంచి బయటికి తిప్పండి. ఎక్కడన్నా దూది పోగు పట్టుకుంటే అక్కడ అంచు దెబ్బతిన్నట్టు. మూతివైపు నుంచి ఇనుప రాడ్డుతో తుడిచిన రైఫిళ్లకి ఇదే జబ్బు.

మూడోది ఛాంబర్ అంచు. రిమ్‌ఫైర్‌లో ఫైరింగ్ పిన్ తూటా అంచుని కొడుతుంది. లోపల తూటా లేకుండా ఏళ్ల తరబడి టకటకా కొట్టిన రైఫిల్‌లో ఆ పిన్ నేరుగా ఛాంబర్ అంచుకే తగిలి, గోరంత సొట్ట పడి, ఇనుము లోపలికి ఉబుకుతుంది. అప్పుడు తూటా సగంలో ఆగుతుంది, కాల్చిన ఖోల్ బయటికి రానంటుంది. కొందరు దీన్ని ఎక్స్‌ట్రాక్టర్ (ఖోల్‌ని బయటికి లాగే కొక్కెం) లోపం అనుకుని ఎక్స్‌ట్రాక్టర్ మార్పించి, జబ్బు తగ్గక తల పట్టుకుంటారు. ఒక ఖాళీ ఖోల్‌ని వేలితో ఛాంబర్‌లోకి తోయండి. ఆగకుండా దిగి, తేలిగ్గా బయటికి రావాలి. ఉబికిన ఇనుము చిన్నదైతే మంచి ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే మనిషి) సరిచేయగలడు.

కాగితాల్లో రైఫిల్ మీది నంబరూ లైసెన్స్‌లో ఉన్న నంబరూ అక్షరం తేడా లేకుండా కలవాలి. అమ్మేవారు ముందుగా అధికారులకి రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు గడిచాకే రైఫిల్ చేతులు మారాలి. ఈలోపు "తీసుకెళ్లి వాడుకుంటుండండి అన్నా, కాగితాలు తర్వాత చూద్దాం" అంటే ఒప్పుకోవద్దు. ఇద్దరికీ కేసే. దొరికితే రెండో మ్యాగజైన్ కూడా రైఫిల్‌తోపాటే అడిగి తీసుకోండి, తర్వాత వెతికితే దొరకడం కష్టం.

ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .22కి పెద్ద బలం అది కొత్తది కావడమే. చరిత్ర ఉండదు, తుప్పు ఉండదు, కాగితాల చిక్కు తక్కువ. 2021లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు ఏడు కంపెనీలుగా విడిపోయాక చిన్న ఆయుధాలు కాన్పూర్ కేంద్రంగా ఉన్న సంస్థ కిందికి వచ్చాయి. కొత్తది కదా అని గుడ్డిగా తీసుకోకుండా, రెండు మూడు బయట పెట్టించి ట్రిగ్గర్ కాటాతో తూచి, బోల్ట్ నున్నగా నడిచేదాన్ని ఎంచుకోండి. ముందు సైట్ నిటారుగా ఉందా, స్కోప్ బిగించే వీలుందా అన్నది అక్కడే చూసుకోవాలి.

సీజెడ్ 457 తీరు వేరు. బోల్ట్ 60 డిగ్రీలే లేస్తుంది కాబట్టి స్కోప్ కిందుగా బిగించినా వేళ్లు తగలవు. ట్రిగ్గర్ సర్దుకునే వీలు ఫ్యాక్టరీ నుంచే ఉంది. 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ (రైఫిల్ మీదే కోసిన గాడి పట్టా) మీద మౌంట్లు నేరుగా కూర్చుంటాయి. తేలిక మోడళ్లు 2.8 కిలోల దగ్గర ఉంటాయి. ఒక్క జాగ్రత్త. దీని ముందు తరాలైన 452, 455ల్లో సేఫ్టీని ముందుకి తోస్తే భద్రం, వెనక్కి లాగితే కాల్చడానికి సిద్ధం. 457లో ఇది తిరగబడింది, ముందుకి తోస్తే కాల్చడానికి సిద్ధం. రెండూ వాడే క్లబ్బులో ఈ తేడా తెలియకపోతే ప్రమాదం. ఏ రైఫిలైనా సేఫ్టీని నమ్మకుండా బోల్ట్ తెరిచి కింద పెట్టడమే పద్ధతి. టిక్కా టీ1ఎక్స్ దీనికి సరిజోడు, పది తూటాల మ్యాగజైన్‌తో వస్తుంది. రూగర్ అమెరికన్, శావేజ్ మార్క్ 2 తేలికైనవే, బయటి దేశాల్లో చవకైనవి కూడా. అయితే దిగుమతి అర్హత ఒకసారి వచ్చాక దాన్ని వాటి మీద ఖర్చుపెట్టడం తగదు.

మా తీర్పు ఇది. దిగుమతి దారి ఉంటే సీజెడ్ 457, వెనకాడక్కర్లేదు. మామూలు లైసెన్స్ ఉండి, పైన చెప్పిన పరీక్షలన్నిట్లో నెగ్గిన బ్రనో దొరికితే అదే. ఒక్క పరీక్షలో తప్పినా, చూసి చెప్పే ఆర్మరర్ పక్కన లేకపోయినా ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ కొత్తది.

తూటాల దగ్గర మన ఎండలని లెక్కలోకి తీసుకోవాలి. స్టాండర్డ్ వెలాసిటీ తూటా సెకనుకు దాదాపు 325 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది, హై వెలాసిటీది 380 దగ్గర. 15 డిగ్రీల చలిలో శబ్దవేగం 340 మీటర్లు, బెజవాడ మే నెల 43 డిగ్రీల్లో 357. హై వెలాసిటీ తూటా ఏ వాతావరణంలోనైనా దారిలో శబ్దవేగం కిందికి దిగాల్సిందే, దిగేటప్పుడు తొణికి గుంపు (టార్గెట్ మీద తూటాలు ఒకేచోట పడటం) చెదురుతుంది. స్టాండర్డ్‌కి ఆ బెడదే లేదు. టార్గెట్‌కి స్టాండర్డే కొనండి. 50 మీటర్లకి సైట్ కుదిర్చితే 25 దగ్గర సెంటీమీటరు పైకి, 100 దగ్గర జానెడు కిందికి తగులుతుంది. బ్రాండ్ మార్చినప్పుడు మొదటి పది పదిహేను తూటాల గుంపుని లెక్కలోకి తీసుకోకండి. పాత తూటా మైనపు పూత గొట్టంలో పోయి కొత్తది పట్టేదాకా తేడా ఉంటుంది. తూటా పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి అరనిమిషం ఆగి బోల్ట్ తెరవండి.

.22 తూటా కిలోమీటరున్నర దాకా ప్రయాణించగలదు. మామిడితోటలో చెట్టుకి కట్టిన అట్టపెట్టె రేంజ్ కాదు, వెనక కాలవగట్టు ఉన్నా సరే. నీళ్లకో రాయికో తగిలి లేచిన తూటా ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

చెక్క బట్ ఉన్న రైఫిల్‌కి కృష్ణా తీరపు తేమ శత్రువు. వానాకాలంలో చెక్క ఉబ్బి బ్యారెల్‌ని ఒక పక్క నొక్కుతుంది, నిన్నటి గురి ఇవాళ ఉండదు. ఒక పదిరూపాయల నోటుని బ్యారెల్‌కీ చెక్కకీ మధ్య దూర్చి వెనక్కి లాగుతూ రండి. జూన్‌లో ఎక్కడిదాకా జారిందో, అక్టోబరులో అక్కడిదాకా జారకపోతే కారణం దొరికినట్టే. కానీ కొన్ని రైఫిళ్లలో బ్యారెల్ కొసన చెక్క ఆనడం తయారీలోనే ఉంటుంది, అందుకే కొన్నరోజే ఈ కొలత రాసిపెట్టుకోవాలి. ఎండాకాలం చెక్క ఎండి, ఇనుప భాగాన్ని చెక్కకి పట్టి ఉంచే యాక్షన్ స్క్రూలు వదులవుతాయి. బిగింపు బలం కొలిచే టార్క్ డ్రైవర్‌తో రెండున్నర న్యూటన్ మీటర్ల దగ్గర బిగించండి, చేతి అంచనా వద్దు. ఎన్నికల కోడ్ వచ్చి స్టేషన్‌లో డిపాజిట్ చేయాల్సి వస్తే, ఇచ్చేముందు గొట్టం లోపల నూనె పట్టించి, బయట ఇనుమంతా పలచగా తుడిచి, సిలికా జెల్ సంచులతో ఇవ్వండి. ఫోమ్ ఉన్న కేసులో వద్దు, అది తేమ పీల్చుకుని ఇనుముకి అంటిస్తుంది. తిరిగి తెచ్చుకున్నాక ఆ నూనెని పొడి గుడ్డతో పూర్తిగా తీసేదాకా తూటా ఎక్కించకూడదు.