చికిత్సకు వచ్చేవారికి నీడ: ఇల్లు ఇవ్వడం మేలా, లాడ్జి బాడుగ కట్టడం మేలా?

కర్నూలులో మా ఇంటి కింది భాగంలో ఒక గది, చిన్న వంటిల్లు, స్నానాల గది ఉన్నాయి. హైదరాబాదు, బెంగళూరు రహదారి మీద వెళ్తూ ఒక రాత్రి ఆగేవారికి, మంత్రాలయం, యాగంటి వెళ్లేవారికి వాటిని రోజు బాడుగకు ఇస్తుంటాం. రెండేళ్లుగా క్యాన్సర్ చికిత్సకు వచ్చేవారికి ఉచితంగానూ ఇస్తున్నాం. మేమూ ఇద్దామనుకుంటున్నాం, ఎలా ఇస్తే మేలని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఖాళీ ఉన్న రోజుల్లో ఇవ్వవచ్చు. చికిత్స ముగిసేదాకా పూర్తిగా వారికే వదిలేయవచ్చు. లేదా ఆసుపత్రి దగ్గర లాడ్జికి బాడుగ కట్టవచ్చు. మూడూ చేసి చూశాను.

ఖాళీ రోజుల్లో ఇవ్వడం అందరికీ సులభంగా తోస్తుంది. నేనూ అలాగే మొదలుపెట్టి తప్పు చేశాను. ఆలూరు వైపు నుంచి ఒక తల్లీ కొడుకూ వచ్చారు. ఆమెకు నోటి క్యాన్సర్, కరెంటు పెట్టించుకోవాలి. రేడియేషన్‌ను మన పల్లెల్లో అలాగే అంటారు. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. యంత్రం కింద ఉండేది కొద్ది నిమిషాలే. దానికోసం రోజూ బస్సులో రానూ పోనూ ఐదారు గంటలు కూర్చునే ఓపిక ఆమెకు లేదు. మూడో వారానికి నోరంతా పుండ్లయ్యాయి. కొడుకు రాగిజావ పలచగా కాచి, ఒక గ్లాసులోంచి మరో గ్లాసులోకి తిరగబోసి, గోరువెచ్చనయ్యాక చెంచాతో పట్టేవాడు. ఒక గ్లాసు తాగడానికి ముప్పావు గంట పట్టేది. కరెంటు ఎక్కడ పెట్టాలో తెలియడానికి మెడ మీద ఆసుపత్రివారు సిరాతో గీసిన గుర్తులు చెరిగిపోతాయని, ఆమె వాటి చుట్టూ మాత్రమే తడిగుడ్డతో తుడుచుకునేది.

సరిగ్గా అప్పుడే, నేను ఎప్పుడో ఒప్పుకున్న బుకింగు తేదీ వచ్చింది. నాలుగు రోజులు వారిని లాడ్జికి పంపాను. అక్కడ పొయ్యి లేదు. హోటలు ఇడ్లీ నీళ్లలో నానబెట్టినా ఆమెకు గొంతు దిగలేదట. తిరిగి వచ్చిననాడు గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ రోజుతో ఈ పద్ధతి మానేశాను.

లాడ్జి బాడుగ కట్టడం పనికిరాదని మాత్రం అనను. కీమోకు, అంటే క్యాన్సర్ మందులు ఎక్కించుకోవడానికి, సాధారణంగా రెండు మూడు వారాలకోసారి వచ్చి, ఒకటి రెండు రాత్రులుండి వెళ్తారు. రక్తకణాలు తగ్గితే తేదీ వెనక్కి పోతుంది, కాబట్టి మన గది ముందే పట్టి ఉంచడం కష్టం. అర్ధరాత్రి వాంతులైనా, జ్వరం వచ్చినా పెద్దాసుపత్రి పక్క వీధిలో ఉండటమే వారికి ధైర్యం. అలాంటివారికి లాడ్జే మేలు. రేడియేషన్ సంగతి వేరు. రోజుకు ఏడు వందలనుకున్నా 42 రోజులకు 29,400 రూపాయలు. ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మన పాత ఆరోగ్యశ్రీ, చికిత్సకు కడుతుంది కానీ బయట తీసుకున్న గదికి కట్టదు. పైగా అంత ఖర్చు పెట్టినా ఆ గదిలో జావ కాచుకోవడానికి వీలుండదు. క్యాన్సర్ పిల్లల కుటుంబాల కోసం ముంబైలో 2006లో మొదలైన సెయింట్ జూడ్ కేంద్రాల్లో వంటశాల అందరిదీ అయినా, ప్రతి కుటుంబానికీ వేరుగా పొయ్యి ఇస్తారు. ఆ పొయ్యి విలువ నాకు ఆలూరు తల్లిని చూశాకే తెలిసింది.

కాబట్టి రేడియేషన్‌కు వచ్చేవారికి గది పూర్తిగా వదిలేయడమే మేలు. శని, ఆదివారాలు కరెంటు పెట్టరు, చాలామంది ఊరికి వెళ్లివస్తారు. యాత్రికులు ఎక్కువగా వచ్చేదీ ఆ రెండు రాత్రులే. మనసు అటు లాగుతుంది. కానీ వారి బియ్యం మూట, మందులు, ఆరేసిన చీర ఆ గదిలోనే ఉంటాయి. వాటిని మూలకు నెట్టి మరొకరిని దించితే అది వారి ఇల్లు కాకుండా పోతుంది. అంత ఆదాయం వదులుకోలేనివారు ఏడాదికి ఒక్క కుటుంబానికే ఇవ్వండి, కానీ చివరిదాకా ఇవ్వండి.

ఎవరికివ్వాలో మాత్రం మీరు తేల్చకండి. 2012లో శాండీ తుఫానప్పుడు న్యూయార్క్‌లో ఎయిర్‌బీఎన్‌బీ (ఇళ్లు, గదులు రోజు బాడుగకు కుదిర్చే వెబ్‌సైటు) ఇళ్లవారు తలుపులు ఉచితంగా తెరవడంతో మొదలైన సేవ, తర్వాత చికిత్సకు వెళ్లేవారికీ విస్తరించింది. అక్కడ కూడా అవసరం ఎవరిదో చూసింది మధ్యలోని స్వచ్ఛంద సంస్థలే. మనకు ఆసుపత్రిలోని సోషల్ వర్కరు ఉన్నారు. ఎవరు వరండాలో పడుకుంటున్నారో వారికి తెలుసు. మెట్లెక్కాల్సిన గదైతే ముందే చెప్పండి. క్యాన్సర్ అంటుకోదనీ, బయటినుంచి యంత్రంతో కరెంటు పెట్టించుకున్నవారి ఒంట్లో రేడియేషన్ మిగిలి ఉండదనీ ఇరుగుపొరుగుకు ఒకసారి చెప్పి ఉంచండి. మా వీధిలో రెండిళ్లవారు అడిగారు, చెప్పాక ఒకరు మజ్జిగ పంపారు.

ఈ సోమవారం గద్వాల నుంచి ఒక రైతు, ఆయన భార్య వస్తున్నారు. చికిత్స ఆరు వారాలే అయినా బుకింగులు ఏడు వారాలు ఆపేశాను. పండుగ సెలవులు, యంత్రం మరమ్మతుకు ఆగే రోజులు కలుస్తాయి.