ఎంజీబీ ఇంజిన్ దించాలంటే: ఒక్కదాన్నే తీయాలా, గేర్‌బాక్స్‌తో కలిపి తీయాలా?

ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీ కారుకు 1798 సీసీ ఇంజిన్. బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే కాబట్టి బరువు ఒకటిన్నర క్వింటాలు పైమాటే. గేర్‌బాక్స్‌లో పని ఉంటే ఇక చర్చే అక్కర్లేదు. ఈ కారులో గేర్‌బాక్స్ విడిగా కిందికి దిగదు, ఎలాగూ ఇంజిన్ బయటికి రావాల్సిందే. క్లచ్ ప్లేటో, ఇంజిన్ ఓవర్‌హాలో అయితేనే ఈ మీమాంస.

ఇంజిన్ ఒక్కటే అయితే కారు కింద పని తక్కువ. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే కడ్డీ), స్పీడోమీటర్ కేబుల్, గేర్ లివర్ జోలికి పోనక్కర్లేదు. పెద్దగా ఏటవాలు చేయాల్సిన పనీ ఉండదు, కప్పు ఎత్తు తక్కువున్న షెడ్‌లోనూ కానిచ్చేయవచ్చు.

అసలు తంటా బెల్‌హౌసింగ్ దగ్గర, అంటే ఇంజిన్‌కు గేర్‌బాక్స్ అతుక్కునే గంట ఆకారపు తొడుగు దగ్గర. గేర్‌బాక్స్ షాఫ్ట్ క్లచ్ ప్లేట్‌లోంచి పూర్తిగా బయటపడేదాకా ఇంజిన్‌ను తిన్నగా ముందుకే లాగాలి. గేర్‌బాక్స్ కింద జాకీ ఆనించకపోతే దాని మూతి వాలిపోతుంది. ఇంజిన్ బరువు ఆ షాఫ్ట్ మీద పడిందా, ప్లేట్ వంగినట్టే. తిరిగి ఎక్కించేటప్పుడు ఇంకా టెన్షన్. ప్లేట్‌ను మధ్యకు సరిచేసి బిగించినా, గాల్లో ఊగుతున్న ఇంజిన్‌తో షాఫ్ట్ పళ్లు ఓ పట్టాన కలవవు. ఇంజిన్ ముందున్న క్రాంక్ పుల్లీని అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ ఓపిక పట్టాలి. విసుగొచ్చి, బోల్టులు బిగిస్తే అదే దగ్గరికొస్తుందిలే అనుకుంటే క్లచ్ ప్లేట్‌కు మూడినట్టే.

రెండూ కలిపి తీస్తే ఆ కుస్తీ అంతా నేల మీద, కంటికి కనిపిస్తూ జరుగుతుంది. నా ఓటు దీనికే. కాకపోతే ముందు గేర్‌బాక్స్ ఆయిల్ దించేయాలి, లేకపోతే తోక కిందికి వాలగానే షెడ్డంతా ఆయిలే. క్లచ్ స్లేవ్ సిలిండర్‌ను (పెడల్ నొక్కితే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను కదిపేది) పైపు విప్పకుండా పక్కకు కట్టేస్తే బ్లీడింగ్ బాధ, అంటే పైపులోంచి గాలి తీసే పని తప్పుతుంది. క్రేన్‌కూ ఇంజిన్‌కూ మధ్య, వంపు తగ్గించి పెంచడానికి స్క్రూ ఉన్న లెవలర్ తప్పనిసరి. మూతి పైకి, తోక కిందికి ఉండేలా తిప్పుతూ లేపాలి. ఒకరు క్రేన్ దగ్గర, ఒకరు గేర్‌బాక్స్ తోక దగ్గర ఉండాలి. ఒక్కరే ఉంటే మాత్రం ఈ పద్ధతి వద్దు.

ఎలా తీసినా క్రేన్ మీద రాసున్న 2 టన్నులు చూసి ధీమా పడకండి. అది క్రేన్ చెయ్యి బాగా లోపలికి ఉన్నప్పటి లెక్క. పూర్తిగా చాపితే చాలా క్రేన్లకు అది అర టన్నుకు పడిపోతుంది. ఇంజిన్ పైకి లేచాక క్రేన్‌ను లాగకుండా కారునే వెనక్కి తోయండి, వెంటనే ఇంజిన్‌ను నేలకు జానెడు ఎత్తుకు దించండి. క్రేన్‌ను కదపడం ఆ తర్వాతే.