ఫోర్డ్ మస్టాంగ్ జీటీకి వెనక యాక్సిల్ గేరు రేషియో 3.55, 3.73, 4.10: ఏది మేలు?

"అన్నా, 4.10 వేయించేస్తున్నా, ఏమంటావ్?" అని మొన్న డాలస్ నుంచి ఓ తమ్ముడి ఫోన్. సెకండ్‌హ్యాండ్‌లో 2013 మస్టాంగ్ జీటీ కొన్నాడు. కొయోటీ అనే 5.0 లీటర్ల వీ8 ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్, వెనక యాక్సిల్‌లో కంపెనీ ఇచ్చిన 3.31 రేషియో. పికప్ చాలట్లేదట. 420 హార్స్‌పవర్‌కి పికప్ చాలని వాడితో వాదన ఎందుకని లెక్కలోకి దిగాను.

3.73 అంటే వెనక యాక్సిల్‌లోని పెద్ద గేరు క్రౌన్‌కి 41 పళ్లు, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కి 11. గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్టు 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. మన దగ్గర బైకు వెనక స్ప్రాకెట్‌లో రెండు పళ్లు ఎక్కువ వేయించుకునే కుర్రాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. లాగుడు పెరుగుతుంది, ప్రతి గేరూ తొందరగా అయిపోతుంది.

ఆ అయిపోవడం దగ్గరే ఉంది అసలు కథ. ఇతని టైర్లు 255/40 ఆర్19, రెడ్‌లైన్, అంటే ఇంజిన్ తిరగగల హద్దు, నిమిషానికి 7000 చుట్లు (ఆర్‌పీఎం). రెండో గేరు 3.31తో గంటకు 70 మైళ్ల దాకా వెళ్తుంది. 3.55తో 65, 3.73తో 62. 4.10 వేస్తే 56 దాటగానే మూడోది వేయాల్సిందే. అంటే అందరూ గొప్పగా చెప్పుకునే 0-60కి (ఆగి ఉన్న కారు 60 మైళ్ల వేగం అందుకోవడానికి) ఒక గేరు మార్పు అదనం. క్లచ్ తొక్కి లివర్ లాగేలోపు 4.10 మొదట్లో సంపాదించిన దాంట్లో చాలావరకు అక్కడే పోతుంది. క్వార్టర్ మైలు పందెందీ ఇదే గొడవ. ఏ మార్పులూ చేయని స్టాక్ కారు చివరి గీత దాటేది 110 మైళ్ల దరిదాపుల్లో. 3.73తో నాలుగో గేరు 114 దాకా వస్తుంది కాబట్టి గట్టెక్కుతారు. 4.10తో అది 104కే అయిపోతుంది, గీత కనబడుతుండగా ఐదోది వేసుకోవాలి.

మరి ఈ 4.10 మోజు ఎక్కడిది? ఫాక్స్‌బాడీ అని పిలిచే పాత తరం మస్టాంగ్‌ల నుంచి. 1987 తర్వాతి 5.0కి ఐదు గేర్లు, మొదటి గేరు 3.35, వెనక చాలావాటికి 2.73. రెండూ గుణిస్తే 9.1, మొదటి గేరులో మొత్తం లాగుడుకి అదే కొలత. దానికి క్రౌన్ మార్చడమంటే కారుకు ప్రాణం పోయడమే. 4.10 వేస్తే 13.7 అయ్యేది. ఇప్పుడు కొయోటీ కారు తీసుకోండి. మొదటి గేరే 3.66. దాన్ని 3.73తో గుణిస్తే 13.65. అంటే పాతవాళ్లు 4.10తో పొందిన లాగుడు ఇక్కడ 3.73తోనే వచ్చేసింది! ఇందులో 4.10 వేస్తే 15. అప్పుడు మొదటి గేరు సిగ్నల్ దాటడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. కారు మారింది, గేర్‌బాక్స్ మారింది, సలహా మాత్రం తాతలనాటిదే నడుస్తోంది.

ఆటోమేటిక్ అయితే ఇంకా జాగ్రత్త. దాని మొదటి గేరు 4.17, కాబట్టి 3.15 యాక్సిల్‌తోనే 13.1 వస్తుంది. మాన్యువల్‌లో 3.55 వేసుకున్నంత. సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ నెట్టి బలం పెంచేది) ఆలోచన ఉన్నవాళ్లు 3.31ని మార్చకుండా అలాగే ఉంచుకోండి. ఉన్న బలాన్నే టైరు పట్టలేక జారుతుంటే ఇంకా పెంచడం దేనికి?

హైవే మీద మైలేజీ పడిపోతుందని భయపెడతారుగానీ, ఆరో గేరు 0.65, అందులో ఇంజిన్ నెమ్మదిగానే తిరుగుతుంది. గంటకు 75 మైళ్ల దగ్గర 3.31తో 2000 ఆర్‌పీఎం, 3.73తో 2260, 4.10తో 2485. ఆస్టిన్ దగ్గర 85 మైళ్ల లిమిట్ ఉన్న ఎస్‌హెచ్-130 హైవే ఎక్కినా 3.73కి 2560 దరిదాపుల్లోనే ఉంటుంది. నాకైతే దాని గురించి దిగులు లేదు.

నా దిగులంతా ఫిట్టింగ్ మీద. నా పాత కారులో 3.73 వేయించినప్పుడు 60 మైళ్ల దగ్గర యాక్సిలరేటర్ వదలగానే సన్నగా ఈల మొదలైంది, దోమ చెవి దగ్గర తిరుగుతున్నట్టు. షాపువాడు "కొత్త గేర్లు, సర్దుకుంటాయి" అన్నాడు. నెలైనా సర్దుకోలేదు. వేరేచోట కవర్ విప్పించి, పళ్లకు పసుపు పేస్టు పూసి తిప్పిస్తే, రాపిడి మచ్చ పంటి మధ్యలో ఉండాల్సింది అంచుకు చేరింది. పినియన్ లోతు సరిచేసే పల్చటి రేకు, షిమ్, తప్పుది వేశారు. మళ్లీ విప్పి, మళ్లీ కూర్చి, రెండోసారి కూలి. ఈ పనిలో తేడా మిల్లీమీటర్‌లో పదోవంతుల్లో ఉంటుంది, కాబట్టి ఆ మచ్చ ఫోటో చూపించనిదే డబ్బులివ్వకండి. కారు కంప్యూటర్‌కి కొత్త రేషియో ట్యూనర్‌తో (దాని సెట్టింగులు మార్చే పరికరం) చెప్పించండి. మొదటి 500 మైళ్లు బరువు లాగడాలు, దూకుడు మానేయండి.

ఇప్పటికే 3.55 ఉన్నవాళ్లు 3.73కి పోతే వచ్చేది 5 శాతం. ఆ మాత్రానికి యాక్సిల్ మొత్తం విప్పించడం నాకు దండగలా కనిపిస్తుంది. 3.31 ఉన్నవాళ్లకు దాదాపు 13 శాతం వస్తుంది, రెండో గేరులో 60 కూడా దాటుతుంది. అందుకే తమ్ముడికి 3.73 చెప్పాను. డ్రాగ్ స్ట్రిప్‌కి (తిన్నటి ట్రాక్ మీద వేగపు పందేలకు) మాత్రమే తీసుకెళ్లే కారు, 28 అంగుళాల టైరు అయితే 4.10 మాట వింటాను. టైరు పెద్దది కాబట్టి అప్పుడది 3.96లా నడుస్తుంది.

వాడు 3.73 ఆర్డర్ పెట్టేశాడు. ముందు ఆ అరిగిపోయిన వెనక టైర్లు మార్చమన్నాను. దానికి మాత్రం ఇంకా ఉలుకూ పలుకూ లేదు.