మర్రిగూడ, చండూరు వైపు సేవా ట్రస్టుల నీళ్ల ప్లాంట్లు: ఏవి పనికొస్తున్నాయి, ఏవి ఎందుకు మూలపడుతున్నాయి

నల్గొండ జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో ఆశ్రమాలు, భజన మండళ్లు, ఆధ్యాత్మిక ట్రస్టులు పెట్టిన నీళ్ల ప్లాంటుకి వెళ్తే గోడ మీద పటం, దాత పేరున్న పలక ముందు కనపడతాయి. మీరు మాత్రం లోపలికెళ్లి హైప్రెషర్ పంపుకి ముందు బిగించిన కార్ట్రిడ్జి, అంటే మట్టిని ఆపే వడపోత గొట్టం చూడండి. తెల్లగా ఉండాల్సిన ఆ గొట్టం ఎర్రమట్టి రంగుకి తిరిగి, పైన జిగురు పట్టి ఉందంటే ఆ ప్లాంటుని పట్టించుకునే మనిషి లేడన్నట్టే.

పని వరుస అన్నిచోట్లా ఒకటే. బోరు నీళ్లు ట్యాంకులోంచి ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు దాటతాయి. లవణాల పొర పేరుకోకుండా యాంటీస్కేలెంట్ అనే మందు చుక్కలుగా కలుస్తుంది. తర్వాత 5 మైక్రాన్ల కార్ట్రిడ్జి, పంపు, లవణాలనీ ఫ్లోరైడ్‌నీ ఆపే మెంబ్రేన్లు, చివర క్రిముల్ని చంపే యూవీ దీపం. ఎక్కువచోట్ల మొదట తప్పేది యాంటీస్కేలెంటే. డబ్బా ఖాళీ అయినా నీళ్లు ఆగవు కాబట్టి ఎవరూ గమనించరు. కొన్ని వారాల్లో మెంబ్రేన్ మీద తెల్లటి పొర గట్టిపడుతుంది, శుద్ధ నీటి ధార సన్నబడుతుంది. అప్పుడు ఆపరేటరు ప్రెషర్ పెంచుతాడు. దాంతో మెంబ్రేన్ పాడవుతుంది. కొన్ని వందలు పెట్టి మందు కొనక, వేలు పోసి మెంబ్రేన్లు మార్చాల్సి వస్తుంది.

ఉచితంగా ఇచ్చే ప్లాంటు కంటే క్యానుకి 5 రూపాయలు తీసుకునేదే మేలని మా అభిప్రాయం. సేవలో డబ్బులేంటని భక్తులకి బాధ ఉంటుంది, అది అర్థమవుతుంది. కానీ లెక్క చూడండి. రోజుకి 200 క్యాన్లు పోతే వెయ్యి రూపాయలు, నెలకి 30 వేలు. అందులోంచి ఆపరేటరు జీతం, కరెంటు బిల్లు, నెలనెలా కార్ట్రిడ్జి పోను మిగిలింది విడి ఖాతాలో వేస్తే, రెండు మూడేళ్లకి మెంబ్రేన్లు మార్చాల్సినప్పుడు దాత కోసం ఎదురుచూడక్కర్లేదు. పూర్తిగా ఉచితమన్న చోట మోటారు కాలిన రోజే తాళం పడుతుంది. నిజంగా ఇవ్వలేని ఇళ్లకి, ఒంటరి ముసలివాళ్లకి కార్డులిచ్చి ఊరికే నీళ్లు పోయొచ్చు.

టీడీఎస్ మీటరు చూపించి ‘80 వచ్చింది, ఫ్లోరైడ్ లేదు’ అంటే అక్కడితో ఊరుకోవద్దు. ఆ మీటరు ఫ్లోరైడ్‌ని కొలవదు, నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చెబుతుంది. అయితే నిన్నమొన్నటి దాకా 80 ఉన్నది 300కి పోయిందంటే మెంబ్రేన్ తేడా చేసిందని, ఫ్లోరైడూ దాటుతోందని అనుమానించాలి. అసలు పరీక్షకి రంగు మారే కిట్ కావాలి. మందు చుక్కలు వేశాక గులాబీ నుంచి పసుపుకి తిరిగిన కొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. ఏ తారీఖున ఎంత వచ్చిందో రిజిస్టరులో రాసే ప్లాంటుని నమ్మొచ్చు.

వృథా నీళ్ల సంగతి చాలా ట్రస్టులు అసలు ఆలోచించడం లేదు. బోరులో 4 మిల్లీగ్రాములుండి, సగం నీళ్లు శుద్ధయి సగం బయటికి పోతే, ఆ పోయే నీళ్లలో ఫ్లోరైడ్ 8కి దగ్గరవుతుంది. దాన్ని బోరు పక్కనే ఇంకుడు గుంతలోకి వదిలితే తిరిగి అదే బోరులోకి చేరుతుంది. పశువుల తొట్టిలోకి అసలే వదలకూడదు, ఎడ్లకీ బర్రెలకీ పళ్లు, కీళ్లు పాడవుతాయి. మరుగుదొడ్లకి, కట్టుబడికి వాడటం నయం.

ఇంట్లో జరిగే పొరపాటు ఇంకోటి ఉంది. తాగడానికి క్యాను నీళ్లు, అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్లతో. కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరయ్యే కొద్దీ చిక్కబడుతుంది. నలుగురున్న ఇంటికి తాగడానికీ వంటకీ కలిపి రోజుకి 30 లీటర్ల దాకా కావాలి, ఒక్క క్యాను చాలదు.

ఫ్లోరైడ్ తీయడానికి ఈ జిల్లా పేరే పెట్టుకున్న నల్గొండ టెక్నిక్ 1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు తెచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి తేర్చడం. చవకే, కానీ నీటి గుణాన్నిబట్టి పటిక మోతాదు మార్చాలి, అడుగున మిగిలే బురదని ఎక్కడో పారెయ్యాలి. అందుకే ఊళ్లలో నిలవలేదు. నది నీళ్లే తేవడం గట్టి మార్గం. సత్యసాయి ట్రస్టు 1990ల మధ్యలో అనంతపురం జిల్లాలో 700కు పైగా ఊళ్లకి నీళ్లిచ్చి, తర్వాత మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలకీ పథకం తెచ్చింది. అనంతపురం పథకం మీద 1999లో తపాలా బిళ్ల వచ్చింది. ధార్మిక సంస్థ చేసిన నీటి సేవలో మాకు అన్నిటికంటే నచ్చినది అదే.

మీ ఊళ్లో మిషన్ భగీరథ నల్లా రోజూ వస్తుంటే ప్లాంటు నీళ్ల కోసం వరుసలో నిలబడక్కర్లేదు. క్లోరిన్ వాసన గిట్టకపోతే బిందెలో పట్టి కొన్ని గంటలు ఉంచితే తగ్గిపోతుంది. పైపు పగిలి నీళ్లు రాని రోజులకీ, నల్లా చివరన ఉన్న వాడలకీ, బడి పిల్లలకీ ప్లాంటు కావాలి. కొత్తగా ఇవ్వదలచిన ట్రస్టులు ఇంకో ఊళ్లో పలక పెట్టేకంటే, మూతపడ్డ ప్లాంటు ఒకటి తీసుకుని మెంబ్రేన్లు మార్చి, ఊళ్లోనే ఒకరికి పని నేర్పి ఏడాది జీతం ఇస్తే మంచిది.